మాగన్నులో పిడుగు



ఛందస్సు గురించీ, పాత నిఘంటువుల గురించీ వ్రాసుకొనే ఈ పుటలో ఈసారి వైద్యచరిత్ర ఏమిటని మీకు అనిపించవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై అయిదేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన పండితుణ్ణి. నాకు జరిగిన ఒక చిన్న ప్రమాదమూ, దాని వెంట వచ్చిన పెద్ద భయమూ కొన్ని నెలలపాటు నా చేత వేరే చదువు చదివించాయి. ఆ చదువు నా పాత బాకీ ఒకటి గుర్తుచేసింది. చరిత్రతో పాటు ఆ బాకీ సంగతి కూడా చెప్పుకోవాలని ఈ టపా.

2022 కార్తికమాసం. తెల్లవారుజామున కాలువ రేవులో స్నానం చేసి పైకి వస్తూ, పాచిపట్టిన మెట్టు మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. తల వెనుక భాగం రాతి అంచుకు తగిలింది. కొన్ని క్షణాలు ఎక్కడున్నానో తెలియలేదు. రేవులో ఉన్నవాళ్ళే లేవదీసి ఆసుపత్రికి చేర్చారు. నాలుగు కుట్లు పడ్డాయి. స్కానింగు తీసి, లోపల రక్తస్రావమేమీ లేదన్నారు. పది రోజుల్లో గాయం మానింది. పండుగ వేళకు మామూలు మనిషినవుతాననుకొన్నాను.

మూడవ వారంలో మొదలయింది. ఒక రాత్రి కళ్ళు మూతలు పడి, మాగన్నుగా నిద్ర పట్టబోతున్న సమయంలో, సరిగ్గా నడినెత్తిన పిడుగు పడ్డట్టు చప్పుడు. దానితో పాటు మూసిన రెప్పల వెనుక తళుక్కున ఒక వెలుగు. దిగ్గున లేచి కూర్చున్నాను. గుండె దడదడలాడుతోంది, ఒళ్ళంతా చెమట. ప్రక్కన మా ఆవిడ కదలలేదు. తట్టి లేపి, "చప్పుడు వినలేదా?" అన్నాను. "ఏం చప్పుడండీ? కలగన్నారేమో, పడుకోండి" అని అటు తిరిగి నిద్రపోయింది.

అది కల కాదు. కలకు ముందూ వెనుకా ఏదో కథ ఉంటుంది. దీనికి అటువంటిదేమీ లేదు, చప్పుడొక్కటే. వారానికి రెండు మూడు సార్లు ఇదే వరుస. తలలో నరమేదో తెగుతున్నదనీ, స్కానింగులో కనబడనిది మిగిలిపోయిందనీ భయం పట్టుకొంది. పిల్లలకు చెప్పలేదు. నిద్ర వస్తే ఆ చప్పుడు వస్తుంది గనుక నిద్రకే దూరంగా ఉండడం మొదలుపెట్టాను. రెండింటి దాకా పుస్తకం పట్టుకొని కూర్చోవడం, తెల్లవారి ఒళ్ళు తూలడం. కొన్నాళ్ళకు పగలు కూడా చేతులు వణికేవి. పక్షం రోజులు దాచాను. తరువాత దాచలేకపోయాను.

మా అబ్బాయి వయసున్న ఒక నరాలవైద్యుడు నేను చెప్పినదంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. విని ఒకే ప్రశ్న వేశాడు: "నొప్పి ఉంటుందా మాస్టారూ?" ఆలోచించి చూసుకొంటే నొప్పి ఎన్నడూ లేదు. ఆ మాటే చెప్పాను. కాళ్ళూ చేతులూ, కళ్ళూ పరీక్షించి, నవ్వి, "దీనికి ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్ అని పేరండీ. పేరు భయంకరంగా ఉంటుంది గానీ మనిషిని ఏమీ చేయదు" అన్నాడు. తల దెబ్బ నేరుగా ఈ చప్పుడు చేయించిందని చెప్పలేమన్నాడు. దెబ్బ తరువాతి ఆందోళన, నిద్రలేమి ఇటువంటివాటికి తలుపులు తెరుస్తాయట. ఆ రాత్రి చప్పుడు మళ్ళీ వచ్చింది. కానీ లేచి కూర్చోలేదు. "ఓహో, నీవేనా" అనుకొని ప్రక్కకు తిరిగి పడుకొన్నాను.

వ్యాధి తగ్గలేదు, మందు వేసుకోలేదు. ఒక పేరు తెలిసిందంతే. ఒట్టి పేరు ఇంత పని ఎలా చేసిందన్న కుతూహలమే నన్ను దీని చరిత్రలోకి లాగింది.

ముందు పేరు సంగతి చూద్దాం. దీనిని తెనిగించవలసి వస్తే నేను 'శిరఃస్ఫోటం' అంటాను. తల పగలడమన్న భయం మన సాహిత్యానికి క్రొత్త కాదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు గార్గిని అతిప్రశ్న వేయవద్దనీ, వేస్తే శిరస్సు పడిపోతుందనీ హెచ్చరిస్తాడు. చందమామ చదివిన వాళ్ళందరికీ భేతాళుడు విక్రమార్కుడిని బెదిరించే తీరు కంఠస్థమే. ఇక వైయాకరణులకు స్ఫోటమంటే వేరొక అర్థం. వర్ణాలన్నీ వినబడిన తరువాత మనస్సులో అర్థం ఒక్కసారిగా విచ్చుకోవడం వారి స్ఫోటం. నాకు కలిగిన చప్పుడులో అర్థమేమీ లేదు. ఉన్నదనుకొన్న అర్థమంతా నేను కల్పించుకొన్నదే. ఈ చరిత్ర పొడుగునా నాకు కనబడినదీ ఇదే. చప్పుడు ఒకటే, దానికి ఎవరి అర్థం వారిది.

1619 నవంబరు 10వ తేదీ రాత్రి. జర్మనీలో శీతకాలపు విడిదిలో ఉన్న ఫ్రెంచి యువకుడు రెనే డెకార్ట్‌కు వరుసగా మూడు కలలు వచ్చాయి. అప్పటికి ఆయన వయసు 23. ఆయన జీవితచరిత్రను 1691లో ప్రకటించిన అడ్రియన్ బయ్యే ఈ కలలను వివరంగా వ్రాశాడు. రెండవ కల అన్నదానిలో దృశ్యమేమీ లేదు. ఉరుము వంటి పెద్ద చప్పుడు, ఉలిక్కిపడి లేవడం, గదిలో నిప్పురవ్వలు కనబడడం, అంతే. ఆ ఉరుము సత్యదేవత తనను ఆవహించడానికి దిగివచ్చిన సూచన అని డెకార్ట్ భావించాడు. తరువాతి కాలంలో ఆధునిక తత్త్వశాస్త్రానికి పితామహుడనిపించుకొన్నాడు. అది శిరఃస్ఫోటమే కావచ్చునని 2018లో ఒక వైద్యవ్యాసం సూచించింది. నాలుగు వందల ఏళ్ళ నాటి రోగానికి ఇప్పుడు నిర్ధారణ చేయలేము గానీ, చప్పుడూ వెలుగూ వర్ణించిన తీరు చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

మెలకువకూ నిద్రకూ నడుమ ఉన్న ఈ ఇరుకు సందును ప్రత్యేకంగా చూసిన వాడు మరొక ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ మోరీ. నిద్రలోకి జారేటప్పుడు కనబడే రూపాలకూ, వినబడే ధ్వనులకూ 1848లో 'హిప్నగాజిక్' అనే పేరు పెట్టాడు. గ్రీకులో నిద్రకు తోడ్కొనిపోయేది అని అర్థం. ఆయన ప్రయోగశాల ఆయన కుర్చీయే. కునికిపాట్లు పడుతూ కూర్చోవడం, ప్రక్కనున్న వారి చేత లేపించుకోవడం, చూసినది వెంటనే వ్రాసుకోవడం. తన మంచం కమ్మీ విరిగి మెడ మీద పడినప్పుడు, తనను ఫ్రెంచి విప్లవకాలపు గిలెటిన్ క్రింద పెట్టి శిరస్సు ఖండించినట్టు పొడుగాటి కల వచ్చిందని ఆయనే వ్రాసుకొన్నాడు. ఇటువంటి అనుభవాలు ఆరోగ్యవంతులకు కూడా కలుగుతాయని చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. లేనిది వినబడిందంటే పిచ్చి అని ముద్రవేయడం అప్పటికి సులభంగా జరిగే పని.

ఆ తరువాత కథలోకి రైలు వచ్చింది. 1865 జూన్ 9న ఇంగ్లండులో స్టేపుల్‌హర్స్ట్ దగ్గర, మరమ్మతు కోసం పట్టాలు తీసి ఉంచిన వంతెన మీదికి రైలు వచ్చి పడింది. పదిమంది మరణించారు. ప్రయాణికులలో నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఒకడు. ఆయన ఒంటి మీద గాయం లేదు. క్షతగాత్రులకు నీళ్ళు పోసి, సగం వ్రాసిన నవల ప్రతిని పెట్టెలోంచి తెచ్చుకొని ఇంటికి వెళ్ళాడు. కానీ ఆపైన రైలెక్కితే ఉన్నట్టుండి వణుకు, భయం. ఆ బాధ ఆయనను పూర్తిగా వదలలేదు. సరిగ్గా అయిదేళ్ళకు, 1870 జూన్ 9నే కన్నుమూశాడు.

ఇటువంటి వాళ్ళు అప్పుడు వందలకొద్దీ ఉన్నారు. పైకి దెబ్బ కనబడదు, నిద్ర పట్టదు, చేయి నిలవదు. నష్టపరిహారం కోసం న్యాయస్థానాలకు వెళితే, కంపెనీ తరపు వాళ్ళు నటన అన్నారు. లండను శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సన్ 1866లో తన ఉపన్యాసాల్లో, కుదుపు వలన వెన్నుపాముకు కంటికి కనబడని చెరుపు జరుగుతుందన్నాడు. జనం దానికి 'రైల్వే వెన్ను' అని పేరు పెట్టుకొన్నారు. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే వైద్యుడు ఆ వాదాన్ని ఖండించి, చెరుపు వెన్నుకు కాదు, దీనికి మూలం భయమే అన్నాడు. ఆయన ఒక రైల్వే కంపెనీకి వైద్యుడు కూడా. అయినా ఆయన మాటలో పస ఉంది. దెబ్బ శరీరానికా మనస్సుకా అన్న ఈ తగవు అక్కడితో తేలలేదు.

నన్ను ఎక్కువగా ఆపిన మనిషి సైలస్ వైర్ మిచెల్. అమెరికా అంతర్యుద్ధకాలంలో ఫిలడెల్ఫియాలో నరాల గాయాల కోసం ఏర్పరచిన ఆసుపత్రిలో పనిచేశాడు. చేయి తీసివేసిన సైనికుడు ఆ లేని చేయి నొప్పి పెడుతోందంటే, పిచ్చివాడని త్రోసివేయక కూర్చుండి విన్నాడు. లేని అవయవం ఉన్నట్టుండే ఆ అనుభవానికి 'ఫాంటమ్ లింబ్' అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది ఆయన వలననే. ఆ విధంగా వినే అలవాటున్న వాడు గనుకనే 1876లో నిద్రకు సంబంధించిన బాధలపై వ్యాసం వ్రాస్తూ, నిద్ర పట్టే వేళ గంట మ్రోగినట్టో, తుపాకి పేలినట్టో తలలో చప్పుడై లేచిపోయే ఇద్దరు మగవాళ్ళ సంగతి ఎక్కించాడు. వాటిని ఇంద్రియాలకు కలిగే తాకిడులుగా వర్ణించాడు. మనం ఇప్పుడు శిరఃస్ఫోటం అంటున్న దానికి వైద్యగ్రంథాల్లో తొలి వర్ణన ఇదేనని చెబుతారు. 1890లో మళ్ళీ అదే విషయం మీద వ్రాశాడు.

ఇదే మిచెల్ ఆందోళనతో వచ్చిన స్త్రీలకు మాత్రం 'విశ్రాంతి చికిత్స' పేరిట వారాల తరబడి మంచం దిగనివ్వక, చదువూ వ్రాతా మాన్పించేవాడు. ఆ చికిత్స పొందిన షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రకటించిన 'ది యెల్లో వాల్‌పేపర్' అనే కథ అంతా దానిపై ఆక్షేపణే. సైనికుల మాట అంత శ్రద్ధగా విన్నవాడు స్త్రీల మాట వినలేకపోయాడు. ఎవరి మాట నమ్మాలో ముందే నిర్ణయించుకొని వినే జబ్బు పెద్ద పెద్ద వైద్యులకే ఉండగా, బడిపంతులుకు ఉండదా? ఆ సంగతికి తరువాత వస్తాను.

మొదటి ప్రపంచయుద్ధం పాత తగవును మళ్ళీ రేపింది. 1915 ఫిబ్రవరిలో 'లాన్సెట్' పత్రికలో చార్లెస్ మయర్స్ ముగ్గురు సైనికుల కథ ప్రచురించి 'షెల్ షాక్' అన్న మాటకు వైద్యంలో చోటు కల్పించాడు. ఫిరంగిగుండు ప్రేలుడు మెదడును అదిలించిందా, లేక భయం మనిషిని అదిలించిందా అని యుద్ధమంతా వాదించుకొన్నారు. వాదన తేలేలోగా కొందరు సైనికులు పిరికితనమనీ, పరారీ అనీ నేరం మోపబడి తమ సైన్యం చేతిలోనే కాల్పులకు గురయ్యారు. ఆ విధంగా మరణించిన 306 మంది బ్రిటిషు సామ్రాజ్య సైనికులకు 2006లో క్షమాపణ ప్రకటించారు. వారిలో ఎందరో మనస్సు చెదిరిన వారేనని చరిత్రకారుల అభిప్రాయం. యుద్ధం ముగిసిన తరువాత, 1920లో, రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ జోన్స్ అనే మానసిక వైద్యుడు అదే లాన్సెట్‌లో తలలోని ఈ చప్పుడు గురించి ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. దానికి ఆయన పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే 'మెదడు పుటుక్కుమనడం'. ఆపైన దశాబ్దాల తరబడి దీనిని పట్టించుకొన్నవారు అరుదు.

ఈలోపల మరొక దారిలో పని జరుగుతోంది. జర్మనీలో జేనా విశ్వవిద్యాలయపు వైద్యుడు హాన్స్ బెర్గర్ యువకుడుగా సైన్యంలో ఉన్నప్పుడు గుర్రం మీదనుంచి పడి, ఫిరంగిబండి క్రింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో తప్పించుకొన్నాడు. అదే రోజు దూరాన ఉన్న అక్కచెల్లెళ్ళలో ఒకరికి కారణం తెలియని కలవరం కలిగి, తండ్రి చేత తంతి ఇప్పించిందట. మనస్సు నుంచి మనస్సుకు ఏదో శక్తి ప్రసరిస్తుందన్న నమ్మకం ఆయనకు అక్కడ పుట్టింది. దానిని వెదకుతూ పోయి, 1924లో మనిషి మెదడులోని విద్యుత్తరంగాలను నమోదు చేశాడు. 1929లో ప్రకటించాడు. తొలి రోజుల్లో ఆయనకు ఉపకరించిన వారు కపాలంలో ఎముక లోపించిన రోగులు. ఎముక అడ్డు లేనిచోట ఆ సన్నని విద్యుత్తు పట్టుబడింది. పగిలిన తలల గుండానే మొదటిసారి మెదడు అలలు మనకు కనబడ్డాయన్న మాట. ఆయన వెదకిన శక్తి మాత్రం దొరకలేదు.

బెర్గర్ పనిముట్టుతోనే ఆల్‌ఫ్రెడ్ లూమిస్ బృందం 1930లలో అమెరికాలో నిద్రపోయేవారి మెదడు అలలను గీయించి, నిద్ర దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా వచ్చేది కాదనీ, మెట్లు మెట్లుగా దిగేదనీ చూపింది. 1949లో మొరుజీ, మాగౌన్ అనే ఇద్దరు మెదడు కాండంలో 'రెటిక్యులర్ ఫార్మేషన్' అనే నాడీజాలాన్ని ప్రేరేపిస్తే మెదడంతా మేలుకొన్న అలలు చూపుతుందని పిల్లుల మీద నిరూపించారు. మెలకువను నిలిపే యంత్రాంగంలో అది ముఖ్యభాగమని అప్పటినుంచి తెలిసింది. మనం నిద్రలోకి దిగేటప్పుడు ఆ జాలపు పని క్రమంగా అణగాలి. చూపును అణచేది, వినికిడిని అణచేది, కండరాలను వదులు చేసేది ఒకదాని వెంట ఒకటి జరగాలి. ఆ వరుసలో ఎక్కడో జాప్యం జరిగి, వినికిడి నాడులు అణగడానికి బదులు ఒక్కుమ్మడిగా రగిలితే ఈ చప్పుడు పుడుతుందని ఇప్పటి వైద్యులలో చాలామంది ఊహ. ఊహ అనే అంటున్నాను, తుది తీర్పు ఇంకా రాలేదు. నిద్ర పట్టేటప్పుడు కాలు జారి గోతిలో పడ్డట్టు ఒళ్ళు అదరడం మనలో చాలామందికి అనుభవమే. అది కండరాల పాలి ఉలికిపాటు. ఇది చెవి పాలిది.

ఇక్కడ నా వృత్తి నన్ను వదలలేదు. బృహదారణ్యకంలో స్వప్నస్థానానికి 'సంధ్యం' అన్న పేరున్నది. రెండు లోకాల కూడలిలో ఉన్నది అని భావం. సంధి అనగానే నాకు పాఠం గుర్తుకువచ్చింది. 'మా' ప్రక్కన 'అమ్మ' వచ్చినప్పుడు రెండచ్చులూ కలిసిపోవు. కలవనిచోట 'య'కారం ఒకటి వచ్చి కూర్చుంటుంది, మాయమ్మ అవుతుంది. ఆ 'య' పూర్వపదానిది కాదు, పరపదానిది కాదు. అది యడాగమం. దానికి అర్థమేమిటని ఏ విద్యార్థీ అడగడు, అడిగినా అర్థం లేదంటాము. మెలకువా నిద్రా సాఫీగా కలవనిచోట వచ్చి కూర్చునే ఈ చప్పుడు కూడా నాకు అటువంటి ఆగమంగానే తోచింది. ఈ పోలిక శాస్త్రం కాదని నాకూ తెలుసు. కానీ అర్ధరాత్రి ధైర్యానికి ఇది చాలింది.

మన పూర్వులు నిద్రను తేలికగా తీసుకోలేదు. చరకుడు శరీరానికి మూడు ఊతలు చెబుతూ ఆహారంతో పాటు నిద్రను చేర్చాడు. రాత్రి సహజంగా వచ్చే నిద్రను భూతధాత్రి అన్నాడు, ప్రాణులను దాదివలె పోషించేది అని. ముఖ్యమైన మర్మాలుగా శిరస్సును, హృదయాన్ని, వస్తిని పేర్కొన్నాడు. తెలుగులో కూడా కునుకు, తూగు, మగత, మాగన్ను, కలత నిద్ర, గాఢనిద్ర అని ఎన్ని మెట్లకు ఎన్ని మాటలున్నాయో చూడండి. పీడకల అనడంలోనే ఏదో వచ్చి అదిమి పట్టిందన్న అనుభవం దాగి ఉంది. ఇన్ని మాటలున్న భాషలో నిద్ర గుమ్మంలో వినబడే ఈ చప్పుడుకు మాత్రం నాకు మాట కనబడలేదు. మాట లేకపోతే అనుభవం ఏమవుతుందో చెప్పడానికే ఇంతసేపూ వ్రాశాను.

1988లో ఇంగ్లండులోని హల్ నగరపు నరాలవైద్యుడు పియర్స్ లాన్సెట్ పత్రికలో ఈ బాధకు నేడు వాడుకలో ఉన్న పేరు పెట్టాడు. మరుసటి ఏడు 50 మంది రోగుల వివరాలు ప్రకటించి, ఇది తలనొప్పి కాదనీ, హాని లేనిదనీ, ధైర్యం చెప్పడమే ముఖ్యమైన చికిత్స అనీ తెలియజేశాడు. 2005లో నిద్రవ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో దీనికి చోటు దొరికింది. 2015లో అమెరికాలో బ్రయన్ షార్ప్‌లెస్ 211 మంది కళాశాల విద్యార్థులను విచారిస్తే, సుమారు 18 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా ఈ అనుభవం కలిగిందన్నారు. ముసలివాళ్ళ జబ్బు అన్న అపోహ దానితో పోయింది. పిల్లలకూ యువకులకూ కూడా వస్తుంది.

ఆ 1988 అన్న అంకె దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఆ ఏడు నేను కోనసీమలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి అయిదేళ్ళయింది. చమత్కారంగా మాట్లాడతానని పిల్లల్లో పేరు, ఆ పేరంటే నాకు మురిపెం. ఎనిమిదవ తరగతిలో ఒక పిల్లవాడు దసరా సెలవుల్లో మామిడిచెట్టు మీదనుంచి పడ్డాడు. తలకు కట్టుతో బడికి వచ్చాడు. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. కట్టు విప్పిన కొన్నాళ్ళకు పిల్లవాడు తరగతిలో తూగడం మొదలుపెట్టాడు. ఒకరోజు లేపి నిలబెట్టి, రాత్రి ఏం చేస్తున్నావని గద్దించాను. వాడు తల వంచుకొని, "నిద్దరొచ్చేతలికి బుర్రలో సీమటపాకాయ పేల్తందండి మేస్టారూ. పడుకోవాలంటే బయ్యమండి" అన్నాడు.

"బుర్రలో చదువుంటే టపాకాయకు చోటుండదురా" అన్నాను.

తరగతి అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి వాడికి టపాకాయ అన్నదే పేరయింది. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తూగినప్పుడల్లా బల్ల ఎక్కించాను, నిలబడే తూగేవాడు. సంక్రాంతి సెలవుల తరువాత బడికి రాలేదు. సంతలో తండ్రి కనబడితే అడిగాను. ఎవరో చేతబడి చేశారన్నారనీ, తాయెత్తు కట్టించామనీ, బడి మాన్పించి పనిలోకి తీసుకొనిపోతున్నాననీ చెప్పాడు. "బుర్రకి దెబ్బ తగిలినోడండి, సదువు రాదన్నారు గదండీ" అన్నాడు. ఎవరన్నారని నేను అడగలేదు. ఆ కుటుంబం తరువాత పనులకు ఊరు విడిచి వెళ్ళింది.

వాడికి వచ్చింది ఇదే అని నేను నిర్ధారించలేను. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడికి వైద్యుడు చూడవలసిన ప్రమాదం మరేదైనా ఉండి ఉండవచ్చు. ఆ సంగతి ఇప్పుడు ఇంకా ఎక్కువ బాధపెడుతోంది. హల్ నగరంలో పెట్టిన పేరు మా ఊరికి చేరేది కాదు, నిజమే. కానీ నొప్పి ఉందా అని అడగడానికి లాన్సెట్ చదవనక్కరలేదు. ఆ చప్పుడు డెకార్ట్‌కు దైవానుగ్రహం, ఆ తండ్రికి చేతబడి, నాకు తెగిపోతున్న నరం. పిల్లవాడి నోట వచ్చినప్పుడు మాత్రం అది నాకు ఒక హాస్యోక్తికి అవకాశం. అరవై దాటాక అదే చప్పుడు నా నెత్తిన పడినప్పుడు, ఇంట్లో వాళ్ళు నవ్వుతారేమోనని పక్షం రోజులు దాచాను. పదమూడేళ్ళ వాడు నలభై మంది ఎదుట దాచకుండా చెప్పాడు.

చదివే మిత్రులకు రెండు మాటలు. తలకు దెబ్బ తగిలిన తరువాత తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడినా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నిద్ర పట్టే వేళ చప్పుడొక్కటే ఉండి, నొప్పి లేకపోయినా ఒకసారి వైద్యుడికి చెప్పండి. ధైర్యం ఆయన నోటి నుంచే వినడం మేలు. నాకైతే వేళకు పడుకోవడం, సాయంత్రం కాఫీ మానడం, అన్నిటికంటే ముఖ్యంగా ఆ చప్పుడుకు భయపడడం మానడం పనిచేశాయి. ఇప్పుడు మూడు నాలుగు నెలలకు ఒకసారి వస్తుందేమో. మీ ఇంట్లో పిల్లలు అటువంటి మాట చెబితే, ముందు పూర్తిగా చెప్పనివ్వండి.

ఆ పిల్లవాడికి ఇప్పుడు యాభైకి దగ్గర ఉంటుంది. ఎక్కడున్నాడో తెలియదు. వాడి పేరు నాకు బాగా గుర్తుంది, ఇక్కడ వ్రాయడం మర్యాద కాదు. పాత హాజరుపట్టీల్లో ఆ పేరు ఇంటిపేరుతో సహా ఉంటుందని, పోయిన నెల ఆ బడికి వెళ్ళివచ్చాను. అంత పాతవి లేవన్నారు. దింపు కార్మికుల పేటలో ఇద్దరు ముగ్గురిని అడిగాను. కనుక్కొని చెబుతామన్నారు. నా ఫోను నంబరు ఇచ్చి వచ్చాను.